బిగ్ బెండ్‌కి అమ్మానాన్నలతో వెళ్తున్నాం: క్యాబిన్ తీసుకోవాలా, టెంట్ వేయాలా?

ఫ్రిస్కో_గుంటూరు:

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చారు, జనవరి ఆఖర్లో తిరిగి వెళ్ళిపోతారు. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన్ని మాల్స్‌కీ, గుళ్ళకీ, స్నేహితుల ఇళ్ళకీ తిప్పుతున్నాం. ఎక్కడికి తీసుకెళ్ళినా "బాగుంది నాన్నా" అంటారు, అంతే. మొన్న మా అబ్బాయి స్కూల్ మ్యాప్ ముందేసుకుని, "ఈ రియో గ్రాండే నది ఇక్కడ ఇంత వంపు తిరిగిందే, ఇది మనకి దగ్గరా? చూడొచ్చా?" అని అడిగారు. ఇన్నాళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. చూపించకుండా పంపించలేను.

పడమటి టెక్సాస్‌లో ఆ నది వంపు దగ్గరే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి డిసెంబర్ 26 నుంచి 30 దాకా, నాలుగు రాత్రులు అనుకుంటున్నాం. మొత్తం ఆరుగురం. నాన్నకి 68, మోకాళ్ళ నొప్పి, షుగర్. రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు. అమ్మకి బీపీ, పూర్తి శాకాహారి. పిల్లలకి తొమ్మిదేళ్ళు, అయిదేళ్ళు. పిల్లలేమో టెంట్ అంటున్నారు. మా ఆవిడ పార్క్ పక్క ఊరు టెర్లింగ్వాలో గాజు కప్పున్న గుండ్రటి డోమ్ ఫొటో చూపించి "పడుకునే చుక్కలు చూడొచ్చు" అంటోంది. మారథాన్ ఊళ్ళో హోటల్ తీసుకుని రోజూ పార్క్‌కి వెళ్ళి వస్తే చాలని మా కొలీగ్ సలహా. పార్క్ లోపల రియో గ్రాండే విలేజ్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉందట, అక్కడ రెండు రాత్రులకి టెంట్ వేసుకునే సైట్ ఖాళీ కనిపిస్తోంది.

ఎటూ తేలడం లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా దయచేసి చెప్పండి.

మిడ్‌లాండ్_అక్క:

మీ నాన్నగారు అడిగిన మాట చదివాక సమాధానం రాయకుండా ఉండలేకపోయాను. మేం మిడ్‌లాండ్‌లో ఉంటాం. పార్క్ మాకు నాలుగు గంటల దూరం. పదకొండేళ్ళలో ఎనిమిది సార్లు వెళ్ళాం, అందులో మూడు సార్లు పెద్దవాళ్ళతో.

మొదటిసారి పెద్దవాళ్ళతో వెళ్ళింది మా అత్తయ్యగారితో, 2016 మార్చిలో. మీ ఆవిడ లాగే నేనూ ఫొటోలు చూసి క్యాబిన్ బుక్ చేశాను. ముచ్చటైన మట్టి గోడల ఇల్లు, ముందు వరండా, ఎదురుగా కొండలు. అడ్రస్ టెర్లింగ్వా అనే ఉంది. చీకటి పడ్డాక హైవే దిగితే, ఆ ఇంటికి చేరడానికి రాళ్ళ రోడ్డు మీద ముప్పావుగంట పట్టింది. బాత్‌రూమ్ ఉందని రాశారు, నిజంగానే ఉంది. కానీ ఇంట్లో కాదు, ముప్పై అడుగుల అవతల ఒక చెక్క గదిలో. అదీ నీళ్ళతో పనిలేని రకం, పని అయ్యాక రంపపు పొట్టు చల్లాలి. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. మర్నాడు మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు తాగడం మానేశారు. రాత్రి ఆ చీకట్లో అంత దూరం నడవాల్సి వస్తుందని భయం. అది నాకు తెలిసేసరికి ఆవిడ తలపోటుతో పడుకుని ఉన్నారు. ఎడారిలో మనిషికి రోజుకి ఒక గాలన్ నీళ్ళు దగ్గర ఉంచుకోవాలని పార్క్ వాళ్ళు చెప్పే చోట, ఆవిడ ఒక పూటంతా గుక్కెడు నీళ్ళతో గడిపారు. ఆ రోజు నా మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

అందుకని మీకు చెప్పే మొదటి మాట: రాత్రి లేచే మనిషిని బట్టి చోటు చూసుకోండి. మీ ఇంట్లో ఆ మనిషి నాన్నగారు. మంచం దగ్గర నుంచి బాత్‌రూమ్‌కి ఎన్ని అడుగులు, దారిలో మెట్లున్నాయా, లైట్ ఉందా, ఫ్లష్ ఉందా? వీటికి జవాబు వచ్చాకే ఫొటోలు చూడండి. టెర్లింగ్వా చుట్టుపక్కల చాలా ఇళ్ళకి కరెంటు లైను ఉండదు, సోలారే. నీళ్ళు కూడా వాన నీళ్ళు పట్టి దాచుకున్నవో, ట్యాంకర్‌లో తెప్పించుకున్నవో. ఎడారిలో బతకడానికి అక్కడివాళ్ళు ఎంచుకున్న పద్ధతి అది, తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే అది తెలిసి వెళ్ళాలి. ఓనర్‌కి మెసేజ్ పెట్టి సూటిగా అడగండి: టాయిలెట్ లోపలా బయటా, పైపు నీళ్ళా ట్యాంకా, హీటర్ దేనితో నడుస్తుంది, హైవే నుంచి మట్టి రోడ్డు ఎన్ని మైళ్ళు, మామూలు కారు వెళ్తుందా? చిన్న సోలార్ ఉన్న చోట రైస్ కుక్కర్ పెడితే మొత్తం కట్టయిపోతుంది. మాకు జరిగింది. గ్యాస్ పొయ్యి ఉందో లేదో కూడా అడగండి. అన్నం లేకపోతే అమ్మగారికి ఇబ్బంది.

గాజు డోమ్ గురించి. చుక్కలు కనిపిస్తాయి, అందులో సందేహం లేదు. కానీ డిసెంబర్ రాత్రి గాజు కింద చలి ఎలా ఉంటుందో, లోపల ఏ హీటర్ ఉందో కనుక్కోండి. పైగా అలాంటివి ఎక్కువగా ఇద్దరి కోసం కట్టినవి. ఆరుగురు మూడు డోమ్‌లు తీసుకుంటే, రాత్రి నాన్నగారు లేచినప్పుడు మీరు పక్కన ఉండరు.

ఇక దూరాలు. ఈ పార్క్ 8 లక్షల ఎకరాలకి పైనే. మన పాత గుంటూరు జిల్లాలో నాలుగో వంతు కన్నా ఎక్కువ. లోపల పాంథర్ జంక్షన్ అనే చోట రోడ్లన్నీ కలుస్తాయి, ఆఫీసూ పెట్రోల్ బంకూ అక్కడే. అక్కడి నుంచి రియో గ్రాండే విలేజ్ 20 మైళ్ళు తూర్పుకి, చిసోస్ బేసిన్ పది మైళ్ళు కొండల్లోకి, పడమటి గేటు దాటితే స్టడీ బ్యూట్, టెర్లింగ్వా ఒక 25, 30 మైళ్ళు. శాంటా ఎలీనా లోయ చూడాలంటే నైరుతి మూలకి పోవాలి, టెర్లింగ్వా నుంచే తారు రోడ్డు మీద గంటకి పైన. మారథాన్ నుంచి పాంథర్ జంక్షన్‌కే 70 మైళ్ళు. మీ కొలీగ్ చెప్పినట్టు మారథాన్‌లో దిగితే రోజుకి 140 మైళ్ళు వెళ్ళి రావడానికే పోతాయి. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి నడక కన్నా కదలకుండా కారులో కూర్చోవడమే ఎక్కువ కష్టం. వెళ్ళేటప్పుడు ఒక రాత్రికి మాత్రం మారథాన్ చాలా మంచిది. ఫ్రిస్కో నుంచి పార్క్ దాదాపు 600 మైళ్ళు. ఒక్క రోజులో ఈడ్చుకుపోవద్దు. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం ఆరుకి పొద్దు గుంకుతుంది. ఆ తర్వాత రోడ్డు మీదకి జింకలు, జావలీనాలు వస్తాయి. జావలీనా అంటే మన అడవిపందిలా కనిపించే జంతువు. చీకటి పడకముందే చేరిపోయేలా చూసుకోండి.

ఎత్తు గురించి కూడా ఆలోచించాలి, చాలామంది ఇది పట్టించుకోరు. నది ఒడ్డున రియో గ్రాండే విలేజ్ సుమారు 1,850 అడుగుల ఎత్తులో ఉంటుంది. చిసోస్ బేసిన్ 5,400 అడుగులు, మన హార్స్‌లీ హిల్స్ కన్నా వెయ్యి అడుగులు పైన. పగలు ఈ రెండింటి మధ్య ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా కూడా ఉంటుంది. ఏప్రిల్‌లో మేం నది పక్కన టెంట్ వేసి ఎండకి అల్లాడిపోయాం, అదే రోజు బేసిన్‌లో వాళ్ళు స్వెట్టర్లు వేసుకున్నారు. మీరు వెళ్ళేది డిసెంబర్ కాబట్టి పగలు నది ఒడ్డు హాయిగా ఉంటుంది. రాత్రి మాత్రం అక్కడా వణికిస్తుంది, చల్లగాలి కిందకి దిగి పల్లంలో నిలబడిపోతుంది.

బేసిన్‌లో ఉండాలని మీకు అనిపిస్తే ముందు పార్క్ వెబ్‌సైట్ చూడండి. పాత లాడ్జ్ తీసేసి కొత్తది కట్టడం, నీళ్ళ పైపులు మార్చడం అక్కడ పెద్ద పని. ఆ పని జరిగినన్నాళ్ళు బేసిన్‌కి వెళ్ళే దారే మూసేస్తారు. తెరిచి ఉంటే మాత్రం, బస చేయకపోయినా ఒక సాయంత్రం తప్పకుండా తీసుకెళ్ళండి. విండో వ్యూ అని చిన్న చదును దారి ఉంది, వీల్‌చైర్ కూడా పోతుంది. రెండు కొండల మధ్య సందులో సూర్యుడు దిగుతాడు. మా నాన్న అక్కడ బెంచీ మీద కూర్చుని అరగంట మాట్లాడలేదు.

నా సలహా: స్టడీ బ్యూట్, టెర్లింగ్వా ఊళ్ళలోనే, తారు రోడ్డు పక్కన, బాత్‌రూమ్ లోపల ఉన్న రెండు గదుల క్యాబిన్ చూడండి. మూడు రాత్రులు అక్కడ, ఒకటి దారిలో. ఫొటోల్లో అంత అందంగా కనిపించకపోవచ్చు. పర్వాలేదు, అందం తలుపు బయట ఉంటుంది.

హ్యూస్టన్_టెంట్:

అక్క చెప్పినదానికి ఎదురు చెప్పడం లేదు కానీ, పిల్లల తరఫున ఒక మాట. రియో గ్రాండే విలేజ్‌లో దొరికిన ఆ రెండు రాత్రులు వదులుకోకండి. ఆ సైట్లు ఆరు నెలల ముందే తెరుస్తారు, క్రిస్మస్ వారానికి నిమిషాల్లో అయిపోతాయి. మీకు కనిపిస్తోందంటే ఎవరో రద్దు చేసుకుని ఉంటారు. పెద్ద చెట్ల నీడ, చదును నేల, ఫ్లష్ టాయిలెట్లు, మంచినీళ్ళు అన్నీ ఉన్నాయి. స్టోర్ దగ్గర నాణేలు వేస్తే వేణ్ణీళ్ళ స్నానం. మా పిల్లలు రోడ్‌రన్నర్ పక్షి వెనక రోజంతా పరిగెత్తారు. వాళ్ళు టీవీలో చూసిన పక్షి నిజంగా ఉందని అప్పుడే తెలిసింది. సైట్ వెనకాలే నేచర్ ట్రెయిల్, ముప్పావు మైలు. నీళ్ళ మీద చెక్క వంతెన దాటి చిన్న గుట్ట ఎక్కితే నది వంపు, అటువైపు మెక్సికో కొండలు. మీ నాన్నగారు అడిగిన వంపు కళ్ళారా కనిపించేది అలాంటి చోటే.

కొన్ని విషయాలు చెప్పాలి. కట్టెలతో మంట వేయడం పార్క్‌లో ఎక్కడా కుదరదు, ఏ కాలంలోనూ. గ్రిల్‌లో బొగ్గులు, గ్యాస్ స్టవ్ మాత్రం వాడొచ్చు. చలిమంట చుట్టూ కూర్చోవాలని పిల్లలకి ఆశ పెట్టకండి, మా అమ్మాయి ఆ రోజు ఏడ్చింది. రెండోది, తిండి టెంట్‌లో పెట్టొద్దు. మేం కొండ ఎక్కడానికి పోయినప్పుడు మా చిన్నవాడు జంతికల ప్యాకెట్ స్లీపింగ్ బ్యాగ్ కింద దాచాడు. వచ్చేసరికి జావలీనాలు టెంట్ ఒక పక్క నిలువునా చీల్చేశాయి. ఆ రాత్రి ఆ చిరుగుకి దుప్పటి కట్టుకుని పడుకున్నాం. బేసిన్ వైపు అయితే ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ పూర్తిగా లేకుండా పోయి, 1980ల చివర్లో మెక్సికో కొండల నుంచి వాటంతట అవే తిరిగొచ్చాయట. అందుకే సైట్లలో ఇనప పెట్టెలు పెట్టారు. ఆవకాయ సీసా, పులిహోర డబ్బా, టూత్‌పేస్ట్ అన్నీ అందులోకే.

టెంట్ బిగించే మేకులు గట్టివి తీసుకెళ్ళండి. అక్కడ గాలి మామూలుగా ఉండదు.

ఫ్రిస్కో_గుంటూరు:

అక్కా, మీ అత్తయ్యగారి సంగతి చదివి మా ఆవిడా నేనూ కాసేపు ఏం మాట్లాడలేదు. మా నాన్న కూడా అంతే. ఇబ్బందైతే చెప్పరు, నీళ్ళు తగ్గిస్తారు. ఫ్లైట్‌లో వచ్చేటప్పుడు అలాగే చేశారని అమ్మ చెప్పింది.

హ్యూస్టన్ సోదరా, మీరు చెప్పింది విని పిల్లలు గెంతుతున్నారు. ఒక పని చేస్తే ఎలా ఉంటుంది? అందరం క్యాబిన్‌లో ఉండి, నేనూ పిల్లలూ ఒక్క రాత్రి రియో గ్రాండే విలేజ్‌లో టెంట్ వేస్తే?

ఇంకో రెండు సందేహాలు. మాది హెచ్-1బి ఉద్యోగ వీసా, ఎక్స్‌టెన్షన్ వచ్చింది కానీ పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ తేదీ అయిపోయింది. సరిహద్దు పక్కనే కదా, టెన్షన్‌గా ఉంది. నది దాటి మెక్సికో ఊరికి పడవలో వెళ్ళొచ్చని ఎక్కడో చదివాను. రెండోది, నాన్న ఇన్సులిన్ వాడతారు. దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడ?

మిడ్‌లాండ్_అక్క:

టెన్షన్ పడాల్సిన పని లేదు, కాయితాలు దగ్గర ఉంటే చాలు. పార్క్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఏ రోడ్డు మీద వచ్చినా సరిహద్దు పోలీసుల (బార్డర్ పెట్రోల్) చెక్‌పోస్ట్ తగులుతుంది. 118 నంబరు రోడ్డు మీద అల్పైన్ ఊరికి దక్షిణంగా ఒకటి, 385 నంబరు రోడ్డు మీద మారథాన్‌కి దక్షిణంగా ఒకటి. కారు ఆపి పౌరసత్వం అడుగుతారు. అందరి పాస్‌పోర్ట్‌లూ, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 ప్రింట్‌లూ, ఎక్స్‌టెన్షన్ వచ్చినట్టు చూపే మీ ఇద్దరి ఐ-797 అసలు కాయితాలూ ఒకే కవర్లో పెట్టి ముందు సీటు దగ్గర ఉంచండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, అక్కడ సిగ్నల్ ఉండదు. మా నాన్నగారిని అడిగినప్పుడు ఆయన తడబడ్డారు. మా తమ్ముడు ఆయన విజిటర్ వీసా అని చెప్పి కాయితం చూపించాడు, నిమిషంలో పంపేశారు. అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి, యూనిఫాం చూసి కంగారు పడకుండా.

ఆ పడవ బొకియాస్ రేవు. అది అధికారికమైన దారే, వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. కానీ తిరిగి రావడమంటే అమెరికాలోకి మళ్ళీ ప్రవేశించడమే. స్టాంప్ అయిపోయిన మీరు దాటకండి. అమ్మానాన్నలనీ పంపొద్దు, సరదా కోసం ఆ రిస్క్ వద్దు. నది కొన్ని చోట్ల మోకాలి లోతు ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ అవతలి ఒడ్డు తాకి రాకుండా చూసుకోండి, అదీ నిబంధనకి విరుద్ధమే. దారి పక్కన రాళ్ళ మీద తీగలతో చేసిన తేళ్ళూ పూసల బొమ్మలూ పెట్టి, డబ్బులు వేయడానికి డబ్బా ఉంచుతారు. పాపం, అటువైపు ఊరివాళ్ళు పెట్టినవి. చూస్తే మనసు కరుగుతుంది. కానీ ఇటువైపు అవి కొనడం నేరం.

ఆస్పత్రి అల్పైన్‌లో. పాంథర్ జంక్షన్ నుంచి వంద మైళ్ళకి పైన. ఇన్సులిన్ రాత్రి కారులో వదిలేయకండి, గడ్డకడితే పనికిరాదు. క్యాబిన్‌లో ఫ్రిజ్ ఉందో లేదో ఇందుకు కూడా అడగండి. మీటర్ బ్యాటరీలు, గ్లూకోజ్ బిళ్ళలు, రెండు రోజుల మందులు అదనంగా పెట్టుకోండి. సరుకులు ఫోర్ట్ స్టాక్‌టన్‌లో కొనేయండి, తర్వాత పెద్ద దుకాణం కనపడదు. పెట్రోల్ సగానికి వస్తే చాలు, బంకు కనిపించగానే నింపేయండి. ఒక చెంబు కూడా పెట్టుకోండి. అమ్మగారికి అది లేక ఎంత కష్టమో మగవాళ్ళకి గుర్తుకురాదు.

మీరు చెప్పిన టెంట్ ఆలోచన చాలా బాగుంది. కాకపోతే టెర్లింగ్వాకీ రియో గ్రాండే విలేజ్‌కీ గంటకి పైన ప్రయాణం, మధ్యలో ఫోన్ పనిచేయదు. ఆ రాత్రి క్యాబిన్‌లో కారు ఒకటి ఉండాలి. అంటే మీకు రెండు కార్లు కావాలి, నాన్నగారి పక్కన డ్రైవింగ్ వచ్చిన మనిషి ఉండాలి. మీ ఆవిడ డ్రైవ్ చేస్తే సరే. చేయకపోతే ఆ సైట్ పగటిపూటకి వాడుకోండి. పొద్దున్నే వెళ్ళి టెంట్ వేసి, అక్కడే వండుకుని తిని, పిల్లలు మధ్యాహ్నం అందులో పడుకుని లేచి, సాయంత్రం ఆ గుట్ట మీద నది చూసి చీకటి పడేలోపు తిరిగొచ్చేయండి. మేం ఒకసారి అలాగే చేశాం. పిల్లలకి టెంట్‌లో ఉన్నామన్న సంతోషం, పెద్దవాళ్ళకి బల్లా టాయిలెట్టూ ఉన్న నీడ.

శాంటా ఎలీనా దగ్గర లోపలికి వెళ్ళే దారిలో మెట్లున్నాయి, వాగు దాటాలి. నాన్నగారికి వద్దు. రోడ్డు చివర్లోనే ఆగి చూసే చోటు ఉంది. 1,500 అడుగుల సున్నపురాయి గోడని నది నిలువునా కోసుకుంటూ రావడం అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. సోషల్ మాస్టారు కదా, ఇంకో సంగతి కూడా చెప్పండి. ఈ పార్క్‌కి 118 మైళ్ళ పొడవున హద్దు ఆ నదే, అదే రెండు దేశాల సరిహద్దు కూడా. కంచె లేదు, నదీ కొండలే.

పిల్లలకి, పాంథర్ జంక్షన్‌కి ఉత్తరాన ఎనిమిది మైళ్ళలో శిలాజాల ప్రదర్శన ఉంది. కారు దిగి పది అడుగులేస్తే చాలు. 1971లో ఇక్కడ శిలాజం దొరికిన కెట్సల్‌కోయాట్లస్ అనే ఎగిరే జంతువు నమూనాని అక్కడ పైకప్పుకి వేలాడదీశారు. మా వాడు దాని రెక్కల కింద నుంచి రానన్నాడు.

ఆస్టిన్_చుక్కలు:

చుక్కల సంగతి నేను చెప్తాను, నేను వెళ్ళేదే అందుకు. 2012లో ఈ పార్క్‌ని అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్‌గా, అంటే చుక్కలు బాగా కనిపించే చీకటి ఆకాశం ఉన్న చోటుగా గుర్తించారు. అలాస్కా, హవాయిలని పక్కన పెడితే అమెరికా నేషనల్ పార్కులన్నిటిలో కృత్రిమ వెలుగు ఇంత తక్కువ ఉన్నది ఇంకొకటి లేదు. గాజు కప్పు అవసరం లేదండీ. క్యాబిన్ వరండాలో కుర్చీ వేసుకుంటే చాలు. ఓనర్‌ని అడగాల్సినవాటిలో ఇదీ చేర్చండి: బయటి లైట్లు పూర్తిగా ఆపుకోవచ్చా? పక్కింటి లైటు మొహాన కొడుతుందా? కొన్ని చోట్ల సెన్సర్ లైటు కదిలినప్పుడల్లా వెలిగి కళ్ళు చెదరగొడుతుంది.

ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటే మీ తేదీల్లో తిథి చూడండి. అమావాస్యకి అటూ ఇటూ అయిదు రోజులైతే అదృష్టమే. పౌర్ణమి దగ్గర పడితే చంద్రోదయానికి ముందో, తెల్లారుజామునో చూసుకోవాలి. ఫొటోల్లో కనిపించే పాలపుంత మధ్యభాగం డిసెంబర్ రాత్రుల్లో కనపడదు, అది వేసవి సంగతి. ఆ ఆశతో వెళ్ళకండి. బదులుగా రాత్రి పదికల్లా కృత్తికలూ రోహిణీ నడినెత్తికి దగ్గరగా ఉంటాయి, కాస్త తూర్పుగా మృగశిర. ఊరి ఆకాశంలో కృత్తికలు ఆరు లెక్కపెట్టడమే గొప్ప. అక్కడ నేను తొమ్మిది లెక్కపెట్టాను.

మీ నాన్నగారికి ఒకటి చెప్పండి. మన వైపు చలికాలంలో దక్షిణాన అగస్త్య నక్షత్రం బాగా పైకి వస్తుంది, గుంటూరులో ఆయన చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. ఫ్రిస్కోలో అది నేలని ఆనుకుని ఉంటుంది, ఇళ్ళూ లైట్లూ దాటి కనపడదు. బిగ్ బెండ్ అంతకన్నా దక్షిణాన ఉంది కాబట్టి, అక్కడ దక్షిణం వైపు కొండ అడ్డం లేకపోతే కనిపిస్తుంది. అరచేయి చాచి పట్టుకుంటే వెడల్పు ఎంతో, సుమారు అంత ఎత్తులో, మెక్సికో వైపు. మీరు వెళ్ళే వారంలో అది అన్నిటికన్నా పైన ఉండేది రాత్రి ఒంటిగంట ప్రాంతంలో. చలిలో అంతదాకా మేలుకోమని పెద్దాయనకి నేను చెప్పను. కానీ మీరే అన్నారు, రాత్రి రెండు మూడు సార్లు లేస్తారని.

ఫ్రిస్కో_గుంటూరు:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి కూర్చుని బుక్ చేసేశాం. స్టడీ బ్యూట్‌లో హైవే పక్కనే రెండు గదుల క్యాబిన్, మూడు రాత్రులు. ఓనర్ ఒక పెద్దావిడ. అక్క చెప్పినవన్నీ అడిగితే ఒక్కోదానికీ ఓపిగ్గా రాశారు. బాత్‌రూమ్ లోపలే, నాన్న మంచానికి పది అడుగులు. గ్యాస్ పొయ్యి ఉంది, ఫ్రిజ్ ఉంది, హీటర్ కరెంటుదే. వరండా లైటు స్విచ్ లోపల ఉందట. వెళ్ళేటప్పుడు ఒక రాత్రి మారథాన్. రియో గ్రాండే విలేజ్ సైట్ ఒక్క రోజుకి తీసుకున్నాం, పగటికి మాత్రమే. మా ఆవిడకి ఆ రోడ్డు మీద ఒంటరిగా నడపడం ఇష్టం లేదు. డోమ్ గురించి ఆమె మళ్ళీ ఎత్తలేదు.

డబుల్ చెక్ చేసుకుందామని ఓనర్‌కి ఇంకో మెసేజ్ పెట్టాను, వరండా ఏ దిక్కుకి ఉందని. ఆగ్నేయానికట. దక్షిణాన కొంత దూరం దాకా ఖాళీ నేలే ఉంది, ఆ తర్వాతే కొండలు అన్నారు. చుక్కల సోదరా, అది చాలుతుందేమో మీరే చెప్పాలి.

నాన్నకి అగస్త్యుడి సంగతి చెప్పాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. పొద్దున కాఫీ దగ్గర, "అక్కడికి వెళ్ళగానే ఆ వరండాలో దక్షిణం ఎటో పగలే చూసి ఒక కుర్చీ అటు తిప్పి పెట్టు, రాత్రి నిన్ను లేపను" అన్నారు.

ఆస్టిన్_చుక్కలు:

కొండలు మరీ దగ్గర కాకపోతే చాలుతుంది. కుర్చీలు రెండు వేయండి. ఆయన లేపకపోయినా మీరు లేవండి.